పన్నులు, సంక్షేమ పథకాల ఫలితం కొలవాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

థీసిస్ మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ చేయమంటారా, రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ చేయమంటారా?" రెండూ పథకాల ఫలితం కొలిచే పద్ధతులే, కింద వివరంగా చెబుతాను. నేను తిరిగి అడిగేదీ ఒకటే. "ఆ పథకం ఎవరికి ఇచ్చారు? పక్కవాళ్లకు ఎందుకు ఇవ్వలేదు?" ఇక్కడ చాలామంది తడుముకుంటారు. అప్పటికే డేటా డౌన్‌లోడ్ అయిపోయి ఉంటుంది, కోడ్ సగం రాసేసి ఉంటారు, పథకం మార్గదర్శకాలు మాత్రం ఒక్కసారి కూడా చదివి ఉండరు.

పద్ధతిని మనమే ఎంచుకుంటున్నాం అనుకుంటాం గానీ, పథకాన్ని పంచిన తీరే సగం ఎంపిక చేసేస్తుంది. లాటరీ వేసి పంచితే ఒక దారి. ఆదాయం మీద గీత గీసి పంచితే ఇంకో దారి. ఒక రాష్ట్రంలో పెట్టి పక్క రాష్ట్రంలో పెట్టకపోతే మరో దారి. దేశమంతా ఒకే రోజున అందరికీ అమలు చేస్తే అసలైన తలనొప్పి అప్పుడే. మిగతా సగం ఎంపిక మీ ప్రశ్నను బట్టి ఉంటుంది, ఎందుకంటే ఈ పద్ధతులన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు.

ముందు–తర్వాత లెక్కతో వచ్చే చిక్కు

పథకానికి ముందు ఇంత, తర్వాత ఇంత, కాబట్టి తేడా అంతా పథకం వల్లే. వార్తల్లో రోజూ కనిపించే లెక్క ఇది. దీనిలోని లోపాన్ని ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1978లో అమెరికా ఉద్యోగ శిక్షణ కార్యక్రమాల మీద రాసిన పేపర్లో చూపించారు. శిక్షణలో చేరినవాళ్ల ఆదాయం చేరడానికి కాస్త ముందే పడిపోయి ఉంది. పడిపోయింది కాబట్టే వాళ్లు శిక్షణకు వచ్చారు. పని పోయిన మనిషికి శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా కొంతకాలానికి ఏదో ఒక పని దొరుకుతుంది. ఆ కోలుకోవడం కూడా శిక్షణ ఖాతాలోనే పడిపోతుంది. దీన్ని 'ఆషెన్‌ఫెల్టర్ డిప్' (గుంట) అంటారు. సాయం కోసం జనం కష్టంలో ఉన్నప్పుడే వస్తారు కాబట్టి సంక్షేమ పథకం ఏదైనా ఈ గుంట ఉండే అవకాశం ఉంది.

మరి పథకం తీసుకోనివాళ్లతో పోల్చి, వయసు, చదువు, కుటుంబ స్థితి లాంటి తేడాలను రిగ్రెషన్‌లో, అంటే ఒకదానితో ఒకటి ఎలా మారుతుందో కట్టే గణాంక లెక్కలో, సర్దేస్తే సరిపోదా? రాబర్ట్ లాలోండ్ 1986లో దీన్ని సూటిగా పరీక్షించారు. నేషనల్ సపోర్టెడ్ వర్క్ అనే కార్యక్రమంలో ఎవరికి అవకాశం ఇవ్వాలో లాటరీతో నిర్ణయించారు, కాబట్టి దాని అసలు ఫలితం ముందే తెలుసు. ఆయన లాటరీలో ఓడినవాళ్లను పక్కన పెట్టి, వాళ్ల చోట సర్వేల్లోంచి మనుషుల్ని తెచ్చి పెట్టి, అప్పట్లో అందరూ వాడే మోడళ్లు వేసి చూశారు. ఏ సర్వే, ఏ మోడల్ అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది, చాలావరకు అసలు జవాబుకు దూరంగానే పడింది. మ్యాచింగ్, అంటే ఒకేలాంటి మనుషుల్ని జత కట్టి పోల్చడం, చేస్తే సరిపోతుందని తర్వాత కొందరు, సరిపోదని మరికొందరు చాలా పేపర్లే రాశారు. నా మటుకు నేను మ్యాచింగ్‌ను ఇంకో పద్ధతికి సాయంగా వాడతాను గానీ, దాని ఒక్కదాని మీదే బరువంతా పెట్టను.

లాటరీ దొరికితే

లాటరీ దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా దాన్నే పట్టుకోండి. గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ మధ్య అదృష్టం తప్ప వేరే తేడా ఉండదు. 1997లో మెక్సికో ప్రోగ్రెసా పథకం మొదలుపెట్టినప్పుడు పరిశీలనకు 506 గ్రామాలను తీసుకుని, లాటరీ వేసి 320 గ్రామాలకు ముందు ఇచ్చారు, 186 గ్రామాలకు తర్వాత ఇచ్చారు. పిల్లల్ని బడికి పంపితే, ఆరోగ్య పరీక్షలకు తీసుకొస్తే తల్లి చేతికి నగదు ఇవ్వడం ఆ పథకం. బడిలో చేరేవాళ్లు పెరిగారని, హైస్కూలు వయసు ఆడపిల్లల్లో ఆ పెరుగుదల ఎక్కువని తేలింది. ఎవరికీ శాశ్వతంగా ఎగ్గొట్టలేదు, వరసను మాత్రం లాటరీకి వదిలారు. ప్రభుత్వాలను ఒప్పించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కానీ లాటరీ నుంచి రెండు వేరువేరు సంఖ్యలు వస్తాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2008లో పేదల ఆరోగ్య బీమాకు లాటరీ వేసింది. దాదాపు 90,000 మంది పేర్లు ఇచ్చుకుంటే సుమారు 30,000 మందికి దరఖాస్తు అవకాశం తగిలింది. తగిలినవాళ్లలో చాలామంది ఆ దరఖాస్తు నింపి పంపనే లేదు, పంపినవాళ్లలో కొందరికి అర్హత లేదు. గెలిచినవాళ్లలో బీమా ఉన్నవాళ్ల వాటా ఓడినవాళ్లకన్నా సుమారు 25 శాతం పాయింట్లు మాత్రమే ఎక్కువ. అంటే 'లాటరీ గెలవడం' వల్ల వచ్చిన మార్పు ఒకటైతే, 'బీమా ఉండటం' వల్ల వచ్చిన మార్పు దానికి దాదాపు నాలుగు రెట్లు. పథకం ప్రకటిస్తే మొత్తం మీద ఏమవుతుందో తెలియాలంటే మొదటి సంఖ్య కావాలి. పథకం నిజంగా అందినవాళ్ల బతుకు ఎలా మారిందో తెలియాలంటే రెండోది. పేపర్లో ఒకటి రాసి, మాటల్లో ఇంకోటి చెప్పేవాళ్లను చాలామందినే చూశాను.

ఆ ఒరెగాన్ ఫలితాలు ఎవరి అంచనాలకూ పూర్తిగా లొంగలేదు. డిప్రెషన్ తగ్గింది, వైద్యం అప్పులు తగ్గాయి. రక్తపోటు, కొలెస్ట్రాల్‌లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. బీమా ఉంటే జనం మామూలు డాక్టరు దగ్గరకు వెళతారు, ఎమర్జెన్సీకి రావడం తగ్గుతుంది అని చాలామంది గట్టిగా చెబుతూ వచ్చారు. తీరా చూస్తే ఎమర్జెన్సీకి రావడం సుమారు 40 శాతం పెరిగింది.

ఇక లాటరీ చెప్పలేనివి. కొద్దిమందికే ఇచ్చినప్పుడు ఊళ్లో ధరలు, కూలి రేట్లు కదలవు. అందరికీ ఇస్తే కదలవచ్చు. ఈ ప్రశ్న కోసమే కెన్యాలో 653 గ్రామాల్లో నగదు బదిలీ చేసినప్పుడు, ఏ గ్రామానికి ఇవ్వాలన్నదే కాకుండా ఏ ప్రాంతంలో ఎక్కువ గ్రామాలకు ఇవ్వాలన్నది కూడా లాటరీతోనే తేల్చారు. డబ్బు అందని ఇళ్లలో కూడా ఖర్చు పెరిగింది, ధరలు దాదాపు పెరగలేదు. ఒక్కో డాలరు స్థానికంగా సుమారు రెండున్నర డాలర్ల కార్యకలాపం పుట్టించిందని తేల్చారు. డబ్బు తీసుకున్న ఇంటినీ పక్కింటినీ మాత్రమే పోల్చి ఉంటే, పక్కింటికి జరిగిన మేలు కాస్తా లెక్కలోంచి తీసివేతగా పోయేది.

లాటరీ వేసినంత మాత్రాన నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. ఫిన్లాండ్ 2017–18లో 2,000 మంది నిరుద్యోగులను లాటరీ తీసి నెలకు 560 యూరోల బేసిక్ ఇన్‌కమ్ (షరతుల్లేని నగదు) ఇచ్చింది. 2018 మొదట్లో ప్రభుత్వం మామూలు నిరుద్యోగ భృతి నిబంధనలను కఠినం చేసింది. దాంతో రెండో ఏడాది పోలికలో బేసిక్ ఇన్‌కమ్ ప్రభావం ఎంత, కొత్త నిబంధనల ప్రభావం ఎంత అన్నది విడదీయడం కష్టమైపోయింది. మీ కంట్రోల్ గ్రూప్, అంటే పోలిక కోసం చూసే పథకం అందనివాళ్లు, కూడా ఆ దేశంలోనే బతుకుతోందని గుర్తుంచుకోవాలి.

పన్ను రేటును లాటరీ వేసి నిర్ణయించడం చాలా అరుదు. తనిఖీలను, నోటీసులను మాత్రం అలా వేయొచ్చు. డెన్మార్క్‌లో 40,000కు పైగా పన్నుదారులను తీసుకుని, కొందరి లెక్కల్ని లాటరీ పద్ధతిలో ఎంచి పూర్తిగా తనిఖీ చేశారు. యజమానో బ్యాంకో నేరుగా పన్ను శాఖకు చెప్పే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. మనిషి తనంతట తాను చెప్పుకునే ఆదాయంలోనే ఎగవేత ఉంది. పన్నుల గురించి ఎవరైనా ఒక్క పరిశోధన చెప్పమంటే నేను మొదట చెప్పేది ఇదే.

గీత గీసి పంచితే

లాటరీ లేదు, కానీ స్కోరు ఇంతకు తక్కువ ఉన్నవాళ్లకే పథకం అని గీత ఉంది. అప్పుడు రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ (ఆర్‌డీ). గీతకు ఒక పాయింటు ఇటూ అటూ ఉన్న కుటుంబాలు అన్నిటిలోనూ ఒకేలా ఉంటాయి, ఒకరికి పథకం అందుతుంది, ఇంకొకరికి అందదు. ఉరుగ్వేలో 2005–07 మధ్య నడిచిన పానెస్ అనే నగదు సాయాన్ని ఇలాగే చూశారు. గీతకు ఇటువైపు, అంటే సాయం అందినవైపు, అధికారంలో ఉన్న ప్రభుత్వానికి మద్దతు పది శాతం పాయింట్లకు పైగా ఎక్కువ.

ఈ పద్ధతికి ప్రాణం ఒక్కచోటే ఉంది. గీత ఎక్కడుందో తెలిసి, తమ స్కోరును తాము మార్చుకోగల మనుషులు ఉండకూడదు. కొలంబియాలో పేదరికం స్కోరు లెక్కించే సూత్రం స్థానిక అధికారులకు తెలిసిపోయాక ఏమైందో చూడండి. అంతకుముందు నున్నగా సాగిన స్కోర్ల గ్రాఫులో, సరిగ్గా గీత దగ్గర నిట్రాయిలా ఒక మెట్టు లేచింది. గీతకు ఇటువైపు జనం ఒక్కసారిగా ఎక్కువయ్యారు, అటువైపు తగ్గారు. అలాంటి చోట గీతకు ఇటున్నవాళ్లూ అటున్నవాళ్లూ ఒకేలాంటివాళ్లు కారు, ఇటున్నవాళ్లలో పలుకుబడి ఉన్నవాళ్లు కలిసిపోయారు. అందుకే ఏ ఫలితం లెక్కించకముందే స్కోర్ల హిస్టోగ్రామ్ (ఏ స్కోరులో ఎంతమందో చూపే కడ్డీల గ్రాఫు) గీయాలి, గీత దగ్గర జనం ఒక్కసారిగా ఎగిశారేమో చూసే సాంద్రత పరీక్ష, మెక్‌క్రేరీ 2008లో ఇచ్చినది, వేయాలి. ఇంకో మాట: అదే గీతను వేరే పథకాలకు కూడా వాడుతున్నారేమో కనుక్కోండి. వాడుతుంటే మీరు కొలిచేది ఒక పథకాన్ని కాదు, మూటను.

దీని జవాబు గీత పక్కనున్నవాళ్లకే చెందుతుంది. అందరికన్నా నిరుపేద కుటుంబానికి పథకం ఏం చేసిందో ఇది చెప్పదు, ఎందుకంటే వాళ్లు గీతకు చాలా దూరంలో ఉంటారు. గీతను కాస్త జరిపి ఇంకొంతమందిని చేర్చాలా వద్దా అన్నది మీ ప్రశ్నయితే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. మొత్తం పథకాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది ప్రశ్నయితే ఇది చాలదు.

మనుషులే గీత పక్కకు జరిగితే

పైన చెప్పిన జబ్బే పన్నుల్లో మందుగా పనికొస్తుంది. గీత చూసి జనం జరగడం ఆర్‌డీని చంపేస్తుంది, బంచింగ్ పద్ధతికి మాత్రం అదే తిండి. పన్ను రేటు ఒక ఆదాయం దగ్గర మారితే, సరిగ్గా అక్కడ ఎంతమంది గుమికూడారో లెక్కపెట్టి, పన్నుకు జనం ఎంత స్పందిస్తున్నారో అంచనా వేస్తారు. ఎమాన్యుయేల్ సేజ్ 2010లో అమెరికా పన్ను రికార్డుల్లో చూపించింది ఇదే. తక్కువ ఆదాయంతో పనిచేసేవాళ్లకు పన్ను ద్వారా ఇచ్చే ఈఐటీసీ రాయితీ గరిష్ఠానికి చేరే మొదటి మలుపు దగ్గర స్వయం ఉపాధివాళ్ల గుంపు స్పష్టంగా కనపడింది. జీతగాళ్ల గుంపు కనపడలేదు. డెన్మార్క్ తనిఖీల కథతో దీన్ని కలిపి చదివితే అసలు విషయం తడుతుంది: ఆ గుంపులో ఎక్కువ పని చేసినవాళ్లు ఎందరో, అంకె మార్చి రాసినవాళ్లు ఎందరో బంచింగ్ ఒక్కటే తేల్చలేదు.

మలుపుకూ మెట్టుకూ తేడా గమనించాలి. మలుపు దాటితే పై రూపాయికి మాత్రమే రేటు మారుతుంది. మెట్టు దాటితే పన్ను మొత్తంగా ఎగిరి, చేతికొచ్చేది తగ్గుతుంది. పాకిస్తాన్ ఆదాయపు పన్నులో అలాంటి మెట్లు ఉండేవి. హెన్రిక్ క్లెవెన్, మజర్ వసీమ్ 2013లో చూపిందేమిటంటే, మెట్టుకు కింద గుంపు ఉంది, సరే. కానీ మెట్టు దాటి, ఎక్కువ సంపాదించి తక్కువ ఇంటికి తీసుకెళ్లేచోట కూడా చాలామంది అలాగే ఉండిపోయారు. బుద్ధున్న ఎవరూ ఉండకూడని చోటు అది. మనుషులకు జరగడం తెలియకో, కుదరకో అక్కడే ఉన్నారు. వాళ్లు ఎంతమందో లెక్కపెడితే ఆ అడ్డంకుల బరువు కూడా తెలుస్తుంది. బ్రిటన్‌లో వ్యాట్ రిజిస్ట్రేషన్ గీత 2017 నుంచి 2024 వరకు 85,000 పౌండ్ల టర్నోవర్ దగ్గర ఉంది. గీతకు కాస్త కిందే చిన్న వ్యాపారాలు గుమికూడటం అక్కడి డేటాలో ఎప్పటినుంచో కనిపించే బొమ్మ.

చేతిపనిలో ఒక జాగ్రత్త. నేను మొదటిసారి బంచింగ్ గ్రాఫు గీసినప్పుడు ఒక్కో కడ్డీ వెడల్పు ఎక్కువ పెట్టి, గుంపు మొత్తాన్ని ఒకే కడ్డీలో మింగేశాను. 'ఇక్కడేమీ లేదు' అని రెండు వారాలు నమ్మాను కూడా. తర్వాత వెడల్పు తగ్గిస్తే ఎక్కడపడితే అక్కడ గుంపులే: 10,000 దగ్గర, 25,000 దగ్గర, 50,000 దగ్గర. పన్ను వల్ల కాదు, జనం ఆదాయాన్ని గుండ్రటి అంకెల్లో చెబుతారు కాబట్టి. పన్ను గీతలు కూడా చాలావరకు గుండ్రటి అంకెల దగ్గరే ఉంటాయి. గీత లేని గుండ్రటి అంకెల దగ్గర ఎంత గుంపు ఉందో ముందు తీసివేయకపోతే, జనం అంకెల్ని గుండ్రం చేసి చెప్పే అలవాటును మీరు పన్ను ప్రభావం అనుకుంటారు.

ఒకచోట పెట్టి ఇంకోచోట పెట్టకపోతే

ఎక్కువమంది చేరేది ఇక్కడికే. తేడాల్లో తేడా, అంటే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్. దీన్ని అంకెలతోనే చూద్దాం. కనీస వేతనం పన్నూ కాదు, సంక్షేమ పథకమూ కాదు గానీ, లెక్క ఇంత తేటగా ఉన్న ఉదాహరణ ఇంకోటి లేదు.

1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందొకసారి, తర్వాతొకసారి వాకబు చేశారు. ఫుల్‌టైమ్ లెక్కన ఒక్కో దుకాణంలో సగటు సిబ్బంది న్యూజెర్సీలో ముందు 20.44, తర్వాత 21.03. పెన్సిల్వేనియాలో ముందు 23.33, తర్వాత 21.17.

న్యూజెర్సీని మాత్రమే చూస్తే సిబ్బంది 0.59 పెరిగారు. పెంపు తర్వాత రెండు రాష్ట్రాల్నీ పక్కపక్కన పెడితే న్యూజెర్సీలో 0.14 తక్కువ. తేడాల్లో తేడా తీస్తే, 0.59 లోంచి మైనస్ 2.16 తీసేస్తే, 2.75 పెరిగారు. అవే నాలుగు అంకెలు, మూడు జవాబులు. ఇప్పుడు మూడో జవాబును ఇంకోసారి చూడండి. అందులో పెద్ద భాగం న్యూజెర్సీ పెరగడం నుంచి రాలేదు, పెన్సిల్వేనియా తగ్గడం నుంచి వచ్చింది. పెంపు లేకపోయుంటే న్యూజెర్సీ కూడా అలాగే తగ్గేదని మీరు నమ్మితేనే ఆ 2.75 నిలబడుతుంది. సమాంతర ధోరణి అని అందరూ ఒక వాక్యంలో రాసి దాటేసే షరతు ఇదే. ఆ తర్వాత జీతాల రికార్డులతో వేరే పరిశోధకులు దీన్ని సవాలు చేశారు, ఆ చర్చ ఏళ్ల తరబడి సాగింది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

పొరుగునే కంట్రోల్‌గా పెట్టుకోవడంలో ఇంకో ఇబ్బంది ఉంది: జనం సరిహద్దు దాటుతారు. ఫిలడెల్ఫియా నగరం 2017 జనవరి నుంచి తీపి పానీయాల మీద ఔన్సుకు ఒకటిన్నర సెంటు పన్ను వేసింది. బాల్టిమోర్‌తో పోలిస్తే నగరంలోని పెద్ద దుకాణాల్లో అమ్మకాలు 51 శాతం తగ్గాయి. నగరం అంచున ఉన్న ప్రాంతాల్లో పెరిగిన అమ్మకాలను కలిపితే తగ్గుదల 38 శాతానికి దిగింది. ఆ అంచు ప్రాంతాలనే కంట్రోల్‌గా పెట్టుకుని ఉంటే 51 కన్నా పెద్ద సంఖ్య వచ్చేది, అది పూర్తిగా తప్పు సంఖ్య. కంట్రోల్ దగ్గరగా ఉండాలి, మరీ దగ్గరగా ఉండకూడదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

ఒకే సమయంలో ఇంకేం మారింది అన్నది రెండో పరీక్ష. ఈఐటీసీ రాయితీ ఒంటరి తల్లుల్ని పనిలోకి తెచ్చిందన్నది ఎన్నో ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఫలితం. 1986 పన్ను సంస్కరణను వాడి, పిల్లలున్న ఒంటరి స్త్రీలను పిల్లల్లేని ఒంటరి స్త్రీలతో పోల్చి 1996లో అయిస్సా, లీబ్‌మన్ అలా తేల్చారు. తర్వాత క్లెవెన్ 1975 నుంచి జరిగిన విస్తరణలన్నీ వరసగా పెట్టి చూశారు. పనిలో చేరేవాళ్లు బాగా ఎగిసింది 1993 విస్తరణ తర్వాతే. అదే కాలంలో సంక్షేమ చట్టాలూ మారాయి, ఆర్థిక వ్యవస్థా ఊపు మీద ఉంది. రాయితీ వాటా చాలా చిన్నదని ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆయన గ్రాఫులు చూశాక పాత నమ్మకం సడలింది.

మూడోది, జనం ముందే జాగ్రత్తపడటం. 1993లో అమెరికా అధిక ఆదాయాల మీద పన్ను పెంచినప్పుడు కంపెనీల పెద్ద అధికారుల పన్ను పడే ఆదాయం దభాలున పడిపోయింది. ఆస్టన్ గూల్స్‌బీ తవ్వి చూస్తే, వాళ్లు తమ స్టాక్ ఆప్షన్లను (కంపెనీ షేర్లను ముందే ఖరారైన ధరకు కొనే హక్కులను) పెంపు రాకముందే, 1992లోనే వాడేసుకున్నారని తేలింది. ఏడాది ముందు, ఏడాది తర్వాత చూస్తే పన్నుకు స్పందన విపరీతం, ఇంకాస్త దూరం నుంచి చూస్తే చాలా తక్కువ. పన్ను మార్పు ప్రకటించిన తేదీ, అమలు తేదీ రెండూ మీ టేబుల్లో ఉండాలి.

రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వేరువేరు ఏళ్లలో పథకం అమలు చేసిన సందర్భం ఇంకో రకం. రాష్ట్రానికొక డమ్మీ (అవునంటే 1, కాదంటే 0 అనే గుర్తు), ఏడాదికొక డమ్మీ పెట్టి పాత రిగ్రెషన్ నడిపేయడం ఇప్పుడు కుదరదు. 2021లో గుడ్‌మన్-బేకన్ చూపినట్టు, ఆ లెక్కలో ముందు పథకం అందుకున్న రాష్ట్రాలు తర్వాత అందుకున్నవాటికి కంట్రోల్‌గా మారిపోతాయి. పథకం ఫలితం ఏటేటా పెరుగుతూ పోయేదైతే ఆ పెరుగుదలను మన లెక్కే తీసేస్తుంది. ఒక్కోసారి గుర్తు కూడా తిరగబడుతుంది. క్యాలవే, సంతానా పద్ధతి లాంటివి ఇప్పుడు పేరున్న గణాంక ప్యాకేజీల్లో ఉన్నాయి, వాటినే వాడండి. స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలను) రాష్ట్రం స్థాయిలో క్లస్టర్ చేయడం, అంటే ఒక రాష్ట్రం డేటానంతా ఒకే గుంపుగా చూసి లెక్కించడం, మరవకండి. బెర్ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ 2004లో లేని చట్టాలను ఉన్నట్టు ఊహించి, యాదృచ్ఛికంగా ఎంచిన రాష్ట్రాలకు అంటగట్టి చూస్తే, 5 శాతం సార్లే రావాల్సిన 'ప్రభావం' 45 శాతం సార్ల దాకా వచ్చింది.

మారింది ఒక్క చోటే అయితే

ఒక్క రాష్ట్రమే మారితే, దానికి సరిపోయే పొరుగు ఒక్కటీ లేకపోతే, చాలా రాష్ట్రాలను తగిన పాళ్లలో కలిపి ఒక నమూనా రాష్ట్రాన్ని తయారు చేయొచ్చు. అది సింథటిక్ కంట్రోల్. కాలిఫోర్నియా 1989 నుంచి సిగరెట్ ప్యాకెట్‌కు 25 సెంట్లు అదనపు పన్ను వేసి, దాంతోపాటు పొగాకు వ్యతిరేక ప్రచారం కూడా మొదలుపెట్టింది. అబాడీ, డైమండ్, హైన్‌ముల్లర్ 38 రాష్ట్రాల్లోంచి యూటా, నెవాడా, మోంటానా, కొలరాడో, కనెక్టికట్‌లను కలిపి 'పన్ను లేని కాలిఫోర్నియా'ను కట్టారు. 2000 నాటికి అసలు కాలిఫోర్నియాలో మనిషికి ఏడాదికి సుమారు 26 ప్యాకెట్లు తక్కువ అమ్ముడయ్యాయి. ఆ 26లో పన్ను వాటా ఎంత, ప్రచారం వాటా ఎంత అన్నది ఈ పద్ధతి చెప్పదు. పథకానికి ముందు చాలా ఏళ్ల డేటా ఉండి, నమూనా గీత అసలు గీతను అంటిపెట్టుకుని నడిస్తేనే దీని జోలికి వెళ్లండి. నాలుగేళ్ల డేటాతో చేసినవి నేను పేజీ తిప్పేస్తాను.

ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ సంగతి క్లుప్తంగా. పథకం అందడాన్ని మార్చేదై, ఫలితాన్ని వేరే దారిలో తాకనిది ఒకటి దొరకాలి. అలాంటివి అరుదు, జనం చెప్పుకునేంత ఎక్కువ లేవు. దొరికినవాటిలో నాకు నచ్చేది దరఖాస్తులు చూసే అధికారుల తేడా. అమెరికాలో వైకల్య పింఛను ఫైళ్లు ఏ అధికారికి చేరతాయన్నది దాదాపు యాదృచ్ఛికం, కొందరు ఉదారంగా ఇస్తారు, కొందరు గట్టిగా ఉంటారు. దీన్ని వాడి 2013లో మేస్టాస్, ముల్లెన్, స్ట్రాండ్ తేల్చిందేమిటంటే, దరఖాస్తుదారుల్లో సుమారు 23 శాతం మందికి పింఛను వస్తుందా రాదా అన్నది అధికారిని బట్టే ఉంది. వాళ్లకు పింఛను రాకపోయుంటే, రెండేళ్ల తర్వాత వాళ్లలో పని చేసేవాళ్లు 28 శాతం పాయింట్లు ఎక్కువ ఉండేవాళ్లు. ఈ 28 ఆ 23 శాతం మందికే. మంచం దిగలేని మనిషి విషయంలో ఏ అధికారీ వేరేగా రాయడు, కాబట్టి అతను ఈ లెక్కలోనే లేడు. ఈ సంఖ్యను పట్టుకుని 'పింఛనుదారులంతా పని చేయగలరు' అని ఎవరైనా అంటే అది వాళ్లు పేపర్ చదవలేదనడానికి గుర్తు.

ఇంకా రాని పథకాన్ని కొలవాలంటే

పైవన్నీ జరిగిపోయినదాన్ని కొలుస్తాయి. వచ్చే బడ్జెట్‌లో ఈ శ్లాబు మారిస్తే ఎవరికెంత అన్నదానికి మైక్రోసిమ్యులేషన్ కావాలి. కుటుంబాల సర్వే తీసుకుని, పన్ను–సంక్షేమ నిబంధనలన్నీ కోడ్‌గా రాసి, ఒక్కో ఇంటికి పాత లెక్క, కొత్త లెక్క వేస్తారు. యూరప్ దేశాలకు యూరోమాడ్, అమెరికాకు ట్యాక్స్‌సిమ్ ఇందుకే ఉన్నాయి. ఎవరు లాభపడతారు, ఎవరు నష్టపోతారు, ఖజానాకు ఎంత అన్నది తొలి అంచనాగా బాగానే చెబుతుంది. మామూలుగా నడిపితే మనుషులు తమ పనినీ ఖర్చునూ మార్చుకోరనే అనుకుంటుంది, సాయానికి అర్హులందరూ దాన్ని తీసుకుంటారని కూడా. ఒరెగాన్‌లో గెలిచినవాళ్లే దరఖాస్తు పంపలేదని గుర్తుంది కదా. కాబట్టి స్పందన ఎంత, ఎంతమంది తీసుకుంటారు అనే అంకెలను పై పద్ధతులతో వచ్చిన పరిశోధనల నుంచి తెచ్చి ఇందులో పోయాలి. ఇది వాటికి పోటీ కాదు, వాటి మీద ఆధారపడే పద్ధతి.

అందరికీ ఒకేరోజు వస్తే

మెక్సికో 2014 జనవరిలో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్నును దేశమంతా వేసింది. లాటరీ లేదు, గీత లేదు, పన్ను లేని పొరుగు రాష్ట్రమూ లేదు. కొల్చెరో బృందం చేసిందేమిటంటే, అంతకుముందు రెండేళ్ల కొనుగోళ్ల ధోరణిని ముందుకు సాగదీసి, పన్ను రాకపోతే 2014లో ఎంత కొనేవాళ్లో అంచనా కట్టడం. ఆ ఏడాది సగటున 6 శాతం తగ్గాయని తేలింది. ఇది మొదట్లో తిట్టిపోసిన ముందు–తర్వాత పోలికకు అక్కయ్యే, కాకపోతే ధోరణిని లెక్కలోకి తీసుకుంది. అంతకన్నా మెరుగైన దారి కావాలంటే 'మోతాదు' తేడా వెతకాలి. పన్ను ఒకటే అయినా అంతకుముందు ఎక్కువ తాగే ప్రాంతాల మీద దెబ్బ ఎక్కువ, తక్కువ తాగేచోట తక్కువ. పథకం అందరిదీ అయినా పాత పథకం బాగా నడిచినచోట కొత్తది కలిపేది కొంచెమే. ఆ తేడా మీద తేడాల్లో తేడా కట్టొచ్చు. ఎక్కువ తాగే ప్రాంతాలు పన్ను లేకున్నా వేరే దారిలో పోతూ ఉండేవేమో అన్న అనుమానం మాత్రం మీతోనే ఉంటుంది, పాత ఏళ్ల గ్రాఫు గీసి చూపించాలి.

డేటా మాట

సర్వేనా, ప్రభుత్వ రికార్డులా అన్నది చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు, ముందే ఆలోచించాల్సింది. సర్వేల్లో జనం తాము అందుకున్న సాయాన్ని తక్కువ చేసి చెబుతారు. అమెరికా సర్వేలను సాయం చెల్లింపుల రికార్డులతో పోల్చి చూసిన మేయర్, మోక్, సలివన్ ఈ తగ్గింపు చాలా పెద్దదని, కాలంతో పెరుగుతూ వచ్చిందని చూపించారు. పన్ను రికార్డుల్లో ఆ బాధ లేదు, కానీ అక్కడ రిటర్ను వేసినవాళ్లే ఉంటారు, వాళ్లు చెప్పిన అంకే ఉంటుంది. బంచింగ్‌కు, ఆర్‌డీకి రికార్డులు దాదాపు తప్పనిసరి, ఎందుకంటే గీత పక్కన కొన్ని వందలమంది అయినా కావాలి, సర్వేలో పదిమంది కూడా దొరకరు. తేడాల్లో తేడాకు సర్వే చాలావరకు సరిపోతుంది. రికార్డుల కోసం అనుమతి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లతో పద్ధతి తేలకముందే, నిబంధనల కాగితం చదివిన వారంలోనే ఆ దరఖాస్తు పెట్టిస్తాను.